వేటచేపలు మందకట్టేది వేట కోసం కాదు

పగడపు దిబ్బ అంచున వందలాది బరాకుడాలు వెండి సుడిగుండంలా గిరగిరా తిరిగే ఫొటో డైవింగ్ ప్రకటనల్లో తరచూ కనిపిస్తుంది. దాని కింద రాసేదీ దాదాపు ఒకటే మాట: వేటకు బయల్దేరిన దండు అని. ఫొటో తీసింది పట్టపగలైతే ఆ దండులో వేట మీద ధ్యాస ఉన్న చేప అరుదు. అవి అక్కడ చేరింది సేదతీరడానికి. పొట్ట నింపుకునే పని తెల్లవారుజామునో, మునిమాపునో, రాత్రో, చాలాసార్లు ఎవరి దారిన అవి పోయి చేసుకుంటాయి.

ఈ తేడా తెలిస్తే డైవర్‌కు నేరుగా ఉపయోగం ఉంది. వేటాడే గుంపు ఏ క్షణాన ఎక్కడుంటుందో చెప్పడం కష్టం. సేదతీరే గుంపు మాత్రం రోజూ దాదాపు ఒకే చోటికి, ఒకే రకం నీటిలోకి వస్తుంది. ఆ చోటును నిర్ణయించేవి మూడు: దిబ్బ ఆకారం, ప్రవాహం దిశ, రోజులో వేళ. వీటిని చదవడం వచ్చినవాళ్లకు అదృష్టంతో పెద్దగా పని పడదు.

ఏవి మందకడతాయి

బరాకుడాల్లో రెండు డజన్లకు పైగా జాతులున్నాయి. వాటన్నిటినీ ఒకే గాటన కట్టడం దగ్గరే చాలా గందరగోళం మొదలవుతుంది. రెండు మీటర్ల దాకా పెరిగే గ్రేట్ బరాకుడా పెద్దయ్యాక ఒంటరిది. మడ అడవుల్లో, లోతు తక్కువ నీటిలో పిల్లగా ఉన్నప్పుడు మాత్రమే గుంపులో తిరుగుతుంది. ఫొటోల్లో సుడి తిరిగేది ఎక్కువగా షెవ్రాన్ బరాకుడా. శాస్త్రీయ నామం స్ఫిరీనా కెనీ. సుమారు మీటరు పొడవు, పక్కల మీద వరసగా నల్లటి నిలువు చారలు, తోక అంచులు నలుపు. దీని దగ్గరి బంధువు పేరు స్ఫిరీనా జెల్లో, ఆ రెండో మాట మన తీరానిదే. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న వైద్యుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల బొమ్మలు, వివరాలు 1803లో లండన్‌లో అచ్చయ్యాయి. స్థానికులు చెప్పిన పేర్లను ఆయన తన చెవికి వినపడినట్టు రాసుకున్నాడు. అందులోని ‘జెల్లో’ను పట్టుకుని ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే 1829లో ఈ చేపకు శాస్త్రీయ నామం పెట్టాడు. మనం పులుసు పెట్టుకునే కానాగంత ప్రపంచమంతటా ‘కనగుర్తా’గా నమోదు కావడమూ ఆ పుస్తకం చలవే.

రెండో ముఖ్యమైన కుటుంబం ట్రెవల్లీలు, మన మత్స్యకారులు పార అనే చేపల కుటుంబం. వీటిలో మందకు పేరుపడ్డది బిగ్‌ఐ ట్రెవల్లీ. దాని పెద్ద కన్నే అది రాత్రి వేటగాడని చెబుతుంది. పగలు వందలు, కొన్నిచోట్ల వేల సంఖ్యలో గోడ కట్టినట్టు నిలబడి, చీకటి పడగానే విడిపోతుంది. జెయింట్ ట్రెవల్లీ దీనికి భిన్నం. 80 కిలోల దాకా తూగగల ఈ చేప గుడ్లు పెట్టే కాలంలో తప్ప పెద్ద గుంపుల్లో కనిపించడం తక్కువ. దిబ్బ పక్కనుంచి ఒంటరిగానో, రెండు మూడుగానో దూసుకుపోతుంది.

ఎర్ర సముద్రంలో, పసిఫిక్ దీవుల దేశమైన పలావులో మందలు కట్టే రెడ్ స్నాపర్ (లూట్జానస్ బోహార్) మూడోది. ఇది ఏడాదంతా గుంపుగా ఉండదు. సంతానోత్పత్తికి చంద్రుడి లెక్క ప్రకారం కూడుతుంది. దీన్ని చూడాలంటే స్థలం కంటే తిథి ముఖ్యం.

బలమున్న చేపకు గుంపెందుకు

చిన్న చేపలు గుంపు కట్టడానికి కారణం అందరికీ తెలిసిందే. వందలో ఒకటిగా ఉంటే తన వంతు ప్రమాదం తగ్గుతుంది. పైగా ఒకేలా మెరిసే శరీరాల మధ్య దాడి చేసే చేప కన్ను ఒక్కదాని మీద నిలవదు. జీవశాస్త్రవేత్త విలియం హామిల్టన్ 1971లో దీనికి స్వార్థపు కోణం చేర్చాడు: ప్రతి జీవీ తనకూ ప్రమాదానికీ మధ్య ఇంకొకరు ఉండేలా జరుగుతుంది, ఆ జరుగుడే మందను బిగిస్తుంది.

మీటరు పొడవున్న బరాకుడాకూ ఇదే లెక్క వర్తిస్తుంది. పగడపు దిబ్బ మీద దానికంటే పెద్ద నోళ్లున్నాయి: సొరచేపలు, జెయింట్ ట్రెవల్లీలు, డాల్ఫిన్లు. రాత్రంతా వేటాడి, పగలు ఏ గుహా లేని నడినీటిలో ఆగాల్సిన చేపకు తోటి చేపలే చాటు. వాటి ఒంటి వెండి మెరుపు కూడా దాక్కోవడానికే. పొలుసుల్లోని గ్వానిన్ స్ఫటికాలు చుట్టూ ఉన్న నీలాన్నే తిరిగి చూపించడం వల్ల పక్కనుంచి చూసేవారికి చేప నీటిలో కలిసిపోతుంది. ఒంటిని కాస్త వంచినప్పుడు మాత్రం ఎండ పడి తళుక్కుమంటుంది. మంద మొత్తం ఒక్కసారి తళుక్కుమందంటే, ఏదో దాన్ని ఉలికిపాటుకు గురిచేసిందని అర్థం. చాలాసార్లు ఆ ఏదో మనమే.

నాయకుడు లేకుండా అన్నీ కలిసి ఎలా మలుపు తిరుగుతాయి? 1976లో వెలువడిన ఒక ప్రయోగంలో సైత్ అనే సముద్ర చేపల కళ్లకు తాత్కాలికంగా గంతలు కట్టి చూశారు. అవి గుంపులో తమ చోటు నిలబెట్టుకున్నాయి. పక్క చేప తోక ఆడించినప్పుడు నీటిలో పుట్టే ఒత్తిడిని ఒంటి పక్కన ఉండే పార్శ్వ రేఖ పసిగడుతుంది. కన్ను పొరుగు చేపతో దూరాన్ని చూసుకుంటే, పార్శ్వ రేఖ దాని వేగాన్నీ మలుపునూ చెబుతుంది. 2002లో ఇయాన్ కుజిన్ బృందం కంప్యూటర్ నమూనాతో ఇంకో సంగతి చూపించింది. మరీ దగ్గరైతే తప్పుకో, మరీ దూరమైతే చేరు, మధ్య దూరంలో ఉంటే పక్కవాడి దిశలో తిరుగు: ఈ మూడు సూత్రాలే ఉన్నా గుంపు తనంతట తానే కొన్ని ఆకారాలు దాలుస్తుంది. చిందరవందర గుంపు, ఒకే దిశలో సాగే వరస, వీటి మధ్యలో గుండ్రని సుడి. ఎవరో ఆజ్ఞ ఇస్తే పుట్టే వ్యూహం కాదది. ముందుకు పోవాల్సిన పని లేక, విడిపోవడం ఇష్టం లేక ఒకదాన్నొకటి అనుసరించే చేపల బాట గుండ్రంగా మూసుకుపోవడమే బరాకుడా సుడి.

ఇక్కడ డైవర్లకు పనికొచ్చే గుర్తు ఒకటుంది. ప్రవాహం గట్టిగా ఉంటే మంద ప్రవాహానికి ముఖం పెట్టి, తోక కొద్దిగా ఆడిస్తూ గోడలా నిలుస్తుంది. ప్రవాహం మెత్తబడ్డాక సుడి తిరగడం ఎక్కువ. సుడి ఫొటోయే కావాలనుకునేవారు ప్రవాహం ఉధృతంగా ఉన్న గంటలో దిగి నిరాశపడటం మామూలే.

మరి నిజమైన వేట?

వేట లేదని కాదు, దాని వేళ వేరు. హవాయిలో దిబ్బ చేపల దినచర్యను గమనించిన ఎడ్మండ్ హాబ్సన్ 1972లో రాసిన దాని ప్రకారం, సూర్యాస్తమయం తర్వాత సుమారు ఇరవై నిమిషాల పాటు దిబ్బ మీద అలికిడి ఉండదు. పగటి చేపలు సందుల్లోకి దూరిపోయి ఉంటాయి, రాత్రి చేపలు ఇంకా బయటికి రావు. వెలుతురులో పనిచేసే కణాల నుంచి చీకట్లో పనిచేసే కణాలకు చిన్న చేపల కన్ను మారే ఆ సంధి వేళ వాటికి గడ్డుకాలం. కింద నుంచి చూస్తే ఆకాశం వెలుతురులో ఎర చేప నీడ స్పష్టంగా కనబడుతుంది, పైనుంచి చూసే ఎర చేపకు కింద ఉన్న వేటగాడు కనబడడు. తెల్లవారేటప్పుడు ఇదే తిరిగి జరుగుతుంది. పొద్దున్నే ఆరింటి డైవ్ కోసం నిద్రమానుకోవడం అందుకే వృథా కాదు.

గుంపు వల్ల వేటలో లాభం ఉందా అంటే, కొంత ఉంది. 1978లో అచ్చయిన హవాయి ప్రయోగాల్లో జెయింట్ ట్రెవల్లీ పిల్లలను నెత్తళ్ల మంద మీదికి వదిలారు. ఒంటరి చేప కంటే కలిసి దాడి చేసినవి ఎక్కువ పట్టాయి. మొదట దూసుకెళ్లింది ఎర మందను చీల్చడం, చెదిరిన చేపలు విడిగా దొరకడం దీనికి కారణం. కానీ కలిసి తినడం వేరు, పనులు పంచుకోవడం వేరు. ఎర్ర సముద్రంలో పసుపు గోట్‌ఫిష్‌ల మీద 2011లో వచ్చిన అధ్యయనం పని పంచుకోవడానికి మంచి ఉదాహరణ: ఒకటి ఎరను పగడాల్లోకి తరిమితే మిగతావి చుట్టూ చేరి బయటపడే దారులు మూసేస్తాయి. అరడుగు, అడుగు పొడవుండే ఆ చేపల ముందు, వ్యూహకర్తలుగా పేరు మోసిన బరాకుడాలు వెలవెలబోతాయి.

నీరు చీలే చోటు

ప్రవాహం వచ్చి దిబ్బ మూలను తాకినప్పుడు రెండుగా చీలుతుంది. చీలే ఆ బిందువు దగ్గర నీరు కాస్త మందగించి పైకి పొంగుతుంది. లోతు నుంచి చల్లటి నీరు, దానితో ప్లవకాలు (నీటిలో తేలాడే అతి చిన్న జీవులు) వస్తాయి. ప్లవకాల కోసం ఫ్యూజిలియర్ల వంటి చిన్న చేపలు, వాటికి అందుబాటు దూరంలో పెద్దవి. మంద అక్కడ నిలబడటానికి అన్నిటికంటే పెద్ద ఆకర్షణ బలం ఆదా కావడం. దిబ్బ ముందు ఒత్తిడి పెరిగిన నీటిలో తక్కువ తోక ఊపుతో స్థిరంగా ఉండొచ్చు.

కాబట్టి వెతకాల్సింది దిబ్బకు ప్రవాహం తగిలే వైపు, చాలాచోట్ల 10 నుంచి 30 మీటర్ల లోతులో, గోడ సముద్రంలోకి పొడుచుకొచ్చిన మూలల దగ్గర. చాలామంది చేసే తప్పు, ప్రవాహం తప్పించుకోవడానికి దిబ్బ వెనుక వైపు చేరడం. అక్కడ సుఖంగానే ఉంటుంది, చూడటానికి మాత్రం ఏమీ ఉండదు.

ప్రవాహం బలం తెలుసుకోవడానికి పంచాంగం చాలు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ పోటుపాట్లు బలంగా, అష్టమి నవముల దగ్గర మెత్తగా ఉంటాయి. రోజుకు రెండు పోట్లు వచ్చే అండమాన్ వంటి చోట పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటల పై చిల్లర. ఈ వేళ సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఈ రోజు ఎనిమిదికి అనుకూలంగా ఉన్న చోట రేపు అదే స్థితి కావాలంటే ఎనిమిదీ యాభైకి దిగాలి. రోజూ ఒకే వేళకు బోటు తీసే డైవ్ సెంటర్లతో ఇదే చిక్కు.

ఎక్కడికి వెళ్లాలి

మలేషియాలోని సబా రాష్ట్రానికి చెందిన సిపడాన్ ఈ విషయంలో మొదటి పేరు. సముద్రగర్భం నుంచి సుమారు 600 మీటర్లు నిట్టనిలువుగా లేచిన దీవి కావడంతో, తీరం నుంచి కొద్ది అడుగుల దూరంలోనే లోతైన నీలం మొదలవుతుంది. దాని ఉత్తరపు కొసనున్న బరాకుడా పాయింట్‌లో షెవ్రాన్ బరాకుడాల సుడి, దగ్గర్లోనే బిగ్‌ఐ ట్రెవల్లీల గోడ ఉంటాయి. దీవి మీది రిసార్టులను 2004లో తొలగించారు. ఇప్పుడు దగ్గర్లోని మాబుల్, కపలాయ్, సెంపోర్నాల్లో బస చేసి, రోజుకు పరిమిత సంఖ్యలో ఇచ్చే పర్మిట్‌తో వెళ్లాలి. నాలుగు రోజులు బస చేసినా సిపడాన్‌కు ఒక్క రోజే పర్మిట్ దొరకవచ్చు. డబ్బు కట్టే ముందే ఎన్ని రోజులో రాతపూర్వకంగా అడగాలి.

పలావులోని బ్లూ కార్నర్ ప్రవాహపు డైవ్‌లకు పాఠ్యపుస్తకం లాంటిది. త్రికోణంలా పొడుచుకొచ్చిన దిబ్బ కొసన రీఫ్ హుక్ (తాడున్న కొక్కెం) తగిలించుకుని గాలిపటంలా నిలబడితే సొరచేపలు, బరాకుడాలు ముందు నుంచే పోతాయి. బోహార్ స్నాపర్ల సంతానోత్పత్తి గుంపులు పలావులో పౌర్ణమి చుట్టూ కూడతాయి. ఈజిప్టులోని రాస్ మొహమ్మద్‌లో ఇవే చేపలను జూన్ నుంచి ఆగస్టు మధ్య షార్క్ రీఫ్ గోడ ముందు చూడొచ్చు. పక్కనే యొలాండా రీఫ్ మీద 1980లో మునిగిన సరుకు ఓడ నుంచి పడ్డ వందలాది టాయిలెట్ కమోడ్లు చెల్లాచెదురుగా ఉంటాయి. చేపలు కనబడని రోజున వాటితో సరిపెట్టుకోవచ్చు.

మాల్దీవుల్లో అంతా కందుల లెక్క. కందు అంటే అక్కడి భాషలో పగడ వలయాల మధ్యనున్న జలమార్గం. బయటి సముద్రపు నీరు లోపలికి వచ్చేటప్పుడే దిగాలి. అప్పుడు నీరు తేటగా ఉంటుంది, మందలు ముఖద్వారం దగ్గర నిలుస్తాయి, మీరు కొట్టుకుపోయినా లోపలి ప్రశాంతమైన నీటిలోకే పోతారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రవాహం ప్రధానంగా తూర్పు నుంచి రావడంతో తూర్పు వైపు కందులు, నైరుతి కాలంలో పడమటి వైపువి మేలు. నెల చూడకుండా పేరు చూసి కందును ఎంచుకుంటే మబ్బు నీరే మిగులుతుంది.

కొత్తవారికి బాలిలోని తులంబెన్ సరైన చోటు. 1942లో జపాను జలాంతర్గామి దాడిలో దెబ్బతిన్న అమెరికా సరుకు ఓడ లిబర్టీని అక్కడి ఒడ్డుకు చేర్చారు. 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు అది నీటిలోకి జారింది. గులకరాళ్ల తీరం నుంచి నడిచి దిగొచ్చు. ఓడ పైభాగం ఐదారు మీటర్ల లోతులోనే మొదలవుతుంది, ప్రవాహం తక్కువ, ట్రెవల్లీల గుంపుకు అది పాత చిరునామా.

మెక్సికోలోని కాబో పుల్మో కథ వేరు. ఒకప్పుడు చేపలు పలచబడిపోయిన ఆ ఊరివాళ్లే పట్టుబట్టగా 1995లో అది జాతీయ పార్కు అయింది. 1999–2009 మధ్య అక్కడి చేపల జీవద్రవ్యరాశి, అంటే వాటి మొత్తం బరువు, 463 శాతం పెరిగినట్టు శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఈనాటి బిగ్‌ఐ ట్రెవల్లీల మహామంద ఆ నిర్ణయం ఫలితమే.

మన దేశంలో అయితే అండమాన్. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవలాక్ నుంచి బోటులో వెళ్లే డిక్సన్స్ పినకిల్, జానీస్ గార్జ్ బరాకుడా, ట్రెవల్లీ గుంపులకు పేరున్న చోట్లు. రెండూ 30 మీటర్ల దాకా లోతుకు పోయేవి. కాబట్టి 18 మీటర్ల పరిమితి ఉన్న తొలి మెట్టు డైవింగ్ సర్టిఫికెట్ (ఓపెన్ వాటర్) సరిపోదు, దాని పై మెట్టైన అడ్వాన్స్‌డ్ కావాలి. సముద్రం తేటగా, నెమ్మదిగా ఉండేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా. అండమాన్‌లో తెలుగువాళ్లు చాలామంది స్థిరపడ్డారు కనుక భాష ఇబ్బంది కూడా తక్కువే.

నీటిలో దిగాక

ముందు గాలి లెక్క. 11 లీటర్ల సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) ఉంటే, 50 బార్ నిల్వ పక్కన పెట్టాక వాడుకునేది 1650 లీటర్లు. నిమ్మళంగా ఉన్న మనిషి నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చితే, ఒత్తిడి నాలుగింతలయ్యే 30 మీటర్ల దగ్గర 80 లీటర్లు అవుతుంది. అంటే 20 నిమిషాలు. అదే మనిషి ప్రవాహానికి ఎదురీదితే పీల్చే గాలి రెట్టింపై పది నిమిషాల్లో సిలిండర్ అడుగంటుతుంది. ఈదడం మానేసి దిబ్బను అంటిపెట్టుకుని, రాతి చాటు నుంచి రాతి చాటుకు కదలాలి. 30 మీటర్ల దగ్గర, పైకి వచ్చేటప్పుడు దారిలో ఆగాల్సిన (డీకంప్రెషన్) అవసరం పడకుండా ఉండగలిగేదీ పట్టికల ప్రకారం సుమారు 20 నిమిషాలే. మంద 15 మీటర్ల దగ్గర ఉంటే అక్కడే ఆగడం తెలివి.

ప్రవాహం ఉన్నచోట నీటి పైన తచ్చాడితే దిబ్బను దాటిపోతారు. అందుకే తేలడానికి గాలి నింపుకునే జాకెట్‌లో గాలి లేకుండా దూకి నేరుగా కిందికి వెళ్తారు. చెవుల్లో ఒత్తిడి సరిచేసుకోవడం ఆలస్యమయ్యేవారు ఈ పద్ధతిని తేలిక చోట ముందు సాధన చేయాలి.

రీఫ్ హుక్ అంటే మీటరున్నర, రెండు మీటర్ల తాడుకు కొక్కెం, రెండో కొసన జాకెట్ రింగుకు తగిలించే క్లిప్పు. కొక్కేన్ని చచ్చిన రాతికే వేయాలి. బతికున్న పగడానికి వేస్తే పగడం విరుగుతుంది, మీరూ జారిపోతారు. తగిలించాక జాకెట్‌లోకి కొద్దిగా గాలి నింపితే ఒళ్లు దిబ్బకు తగలకుండా తేలుతుంది. తీసేటప్పుడు మాత్రం ముందు ఆ గాలి వదలాలి. ఈ ఒక్కటి మరిచి కొక్కెం విప్పినవారు బెలూన్‌లా పైకి పోతారు. కొన్ని రక్షిత ప్రాంతాల్లో కొక్కేలకు, చేతి తొడుగులకు అనుమతి ఉండదు. దిగేముందే గైడును అడగాలి.

గోడల దగ్గర అసలు భయం కిందికి లాగే ప్రవాహం. మీ బుడగలు పైకి పోకుండా పక్కకో, కిందికో పోతుంటే అదే హెచ్చరిక. నిట్టనిలువుగా పైకి పోరాడితే గాలి అయిపోతుంది. రాయి అందితే పట్టుకుని ఎక్కాలి. అందకపోతే గోడకు దూరంగా అడ్డంగా ఈదాలి, ఆ లాగుడు పట్టీ చాలాసార్లు వెడల్పు తక్కువే. జాకెట్‌లో గాలి నింపాల్సివస్తే, ఆ పట్టీ దాటగానే దాన్ని వదలడానికి చేయి వాల్వ్ మీదే ఉండాలి.

మందను సమీపించేటప్పుడు దాని లోతులోనే, లేదా ఒక మీటరు కిందుగా, ఎదురుగా కాకుండా పక్కవాటుగా వెళ్లాలి. ఐదారు మీటర్ల దూరంలో ఆగి నెమ్మదిగా ఊపిరి వదలాలి. కాసేపటికి మందే దగ్గరికి జరుగుతుంది, ఒక్కోసారి మిమ్మల్ని మధ్యలో పెట్టి తిరుగుతుంది. నడిమధ్యకు దూసుకెళ్లినవారికి దక్కేది తోకల ఫొటో, వెనక వచ్చే డైవర్లకు ఖాళీ నీలం. ఫ్లాష్ వాడితే శక్తి తగ్గించి, దీపాలను బయటివైపు తిప్పాలి. లేకపోతే వెండి ఒళ్లు తెల్లటి మచ్చల్లా కాలిపోతాయి. మెరిసే గొలుసులు, ఉంగరాలు బోటులోనే ఉంచేయండి. మసక నీటిలో వాటి తళుకును గ్రేట్ బరాకుడా చిన్న చేపనుకునే ప్రమాదం ఉంది.

ట్రెవల్లీల గుంపులో ఒక వెండి చేప వెనుక, దాదాపు ఒళ్లు రాసుకుంటూ, నల్లటి చేప ఈదుతుంటే అది వేరే జాతి అనుకోవద్దు. జత కోసం రంగు మార్చుకున్న మగ బిగ్‌ఐ ట్రెవల్లీ అది. అలాంటి జంటలు ఎక్కువగా కనిపించిన రోజున అక్కడ ఇంకో డైవ్ వేసుకోవచ్చు. ఆఖరి డైవ్‌కూ తిరుగు విమానానికీ మధ్య కనీసం 18 గంటలు వదిలేలా చూసుకుంటే సరి.